గట్టు మీద మూడో వరుస

ఆదివారం పగటి బువ్వ తిన్నాక పిట్టలబండ ఊరివాళ్లు సినిమాకు పోతారు. ఏడేళ్ల నుంచి అదే సినిమా. ఏడు కిలోమీటర్ల దూరంలో మక్తల్ ఉంది, అక్కడ కొత్త సినిమాలు ఆడుతూనే ఉంటాయి. కానీ ఆదివారం పూట ఇక్కడినుంచి అటు పోయేవాళ్లు లేరు. పంచాయతీ ఆఫీసు పక్క పెద్ద గదిలో పంచాయతీ లెక్కలు రాసే కారోబార్ రఘుపతి కిటికీలకు జంపఖానాలు కట్టి చీకటి చేస్తాడు. గోడకు తెల్ల దుప్పటి బిగిస్తాడు. సినిమావాళ్లు ఇచ్చిపోయిన పెన్‌డ్రైవ్‌ను బనీను జేబులోంచి తీసి, తుడిచి, మిషన్‌కు పెడతాడు. ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క కూర్చుంటారు. పల్లికాయలు ఒలిచే చప్పుడు మొదలవుతుంది.

అది నవ్వుల సినిమా. పేరు ‘తిక్కోని కూత’. ఒక కబడ్డీ ఆటగాడు ఎవరి మాటా వినడు. బరిలో దిగేముందు అందరూ మట్టి ముట్టి కండ్లకద్దుకుంటే వాడు అద్దుకోడు. తన వంతు కాకున్నా కూతకు పోతాడు. ఒకసారి కూత పెడుతూ పెండ్లి పందిట్లోకి ఉరికి, పంక్తిలో కూర్చున్న నలుగురిని ముట్టి, బూరెల గంప ఎత్తుకొని, దమ్ము తెగకుండా బయటపడతాడు. వాడికి ఆట నేర్పే ఉస్తాద్ ఒక కోపిష్టి ముసలాయన. చివరి ఆటలో ఉస్తాద్ వద్దంటున్నా వాడు కూతకు పోయి, అయిదుగురిని ముట్టి, తిరిగొచ్చే ఊపులో ఉస్తాద్‌నే గుద్దుతాడు. బరి గీతల కోసం కలిపిపెట్టిన సున్నం గోళెంలో ఉస్తాద్ వెల్లకిలా పడతాడు. అక్కడ ఊరంతా నవ్వుతుంది. ఏడేళ్లలో ఒక్క ఆదివారం తప్ప ఎన్నడూ ఆ నవ్వు తగ్గలేదు.

రాష్ట్రం వచ్చిన మరుసటి ఎండకాలం ఆ సినిమాను ఈ ఊళ్లోనే తీశారు. ఊరి బరి వాగు పక్కన ఉంటుంది. దానికి మూడు దిక్కులా మట్టిగట్టు. చివరి ఆటకు గట్టు నిండా జనం కావాలని డైరెక్టర్ అడిగితే ఊరివాళ్లు తానాలు చేసి, మంచి బట్టలు కట్టుకొని వచ్చి కూర్చున్నారు. రెండు వరుసలు నిండాయి. మూడో వరుస ఖాళీగా ఉండిపోయింది.

ఇప్పుడు ఆ వరుస ఖాళీగా లేదు.

మొదట వచ్చింది శ్యామలమ్మ. షూటింగ్ నాడు ఆమె ఊళ్లో లేదు, బిడ్డ కానుపుకని మరికల్ పోయింది. సినిమాలో పడలేదని తర్వాత చాలా రోజులు బాధపడింది. ఆ చలికాలమే చనిపోయింది. మూడో ఆదివారం సినిమా చివరి ఆటకు వచ్చేసరికి, గట్టు మీద మూడో వరుసలో, ఒళ్లో ఆకువక్కల సంచి పెట్టుకొని కూర్చొని ఉంది. రఘుపతి సినిమాను ఆపి మళ్లీ పెట్టాడు. మళ్లీ ఉంది. ఆమెకు కాళ్లు చాపుకోను జాగా ఇచ్చి తెర మీది ముందు వరుసవాళ్లు ఒకింత జరిగి కూర్చున్నారు. ఆమె బిడ్డ లేచి తెర దగ్గరికి పోయి, పిల్ల మంచిగనే ఉందని, ఇప్పుడు ఆమె పేరే పెట్టి పిలుస్తున్నామని చెప్పి వచ్చి కూర్చుంది. సినిమా సాగింది.

ఆ తర్వాత ఊళ్లో ఎవరు పోయినా మూడు ఆదివారాల లోపల అక్కడికి వచ్చి కూర్చున్నారు. వాళ్లను గుర్తుపట్టడం తేలిక. బతికున్న జనం బరిలో ఆటను చూస్తుంటారు. మూడో వరుసవాళ్లు ఆటను చూడరు. ఇటు, గదిలోకి చూస్తారు. నవ్వు వచ్చేచోట వాళ్లు కూడా నవ్వుతారు, కాకపోతే అందరూ నవ్వి ఊరుకున్నాక. ఏం జరిగిందో పక్కవాళ్లు చెబితే తెలుసుకొని నవ్వినట్టు ఉంటుంది.

ఒక్కోసారి ముందే వచ్చి కూర్చుంటారు. సాలమ్మ అట్లాగే వచ్చింది. గదిలో పల్లికాయలు తింటూ, తెర మీద మూడో వరుసలో తనను తాను చూసుకుంది. మామిడిపండు రంగు చీర కట్టుకొని ఉంది. “గా చీర నాకేడిది?” అంది. బుధవారం నాడు హాలియా నుంచి ఆమె చిన్నబిడ్డ వచ్చింది, సంచిలో మామిడిపండు రంగు చీర ఉంది. గురువారం సాలమ్మ ఆ చీర కట్టుకొని వాడకంతా చూపించింది. శుక్రవారం పొద్దున లేవలేదు. అప్పటినుంచి ముందుగా ఎవరైనా కనబడితే ఊరివాళ్లు ముఖం కంటే ముందు బట్టలు చూస్తారు.

బతుకమ్మ పండుగకు రెండు వారాల ముందు, ఆదివారం నాడు, మూడో వరుసలో నాగరాణి కనబడింది.

చిలకపచ్చ చీర, పసుపు అంచు. మోకాళ్ల చుట్టూ చేతులు కట్టుకొని కూర్చొని ఉంది. గదిలో పల్లికాయల చప్పుడు ఆగిపోయింది. నాగరాణి గదిలోనే ఉంది, గొర్లు గడప దాకా వస్తాయని తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. ఇరవై అయిదేళ్ల మనిషి. మేనబావ గిరిని చేసుకొని ఊళ్లోనే ఉండి గొర్లు కాస్తుంది. తెర మీద తనను చూసుకొని, కట్టెను ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంది. “పచ్చ చీరనా, నాకు లేదు కదా” అని మాత్రం అంది. సున్నం గోళెం వచ్చింది. ఆ ఒక్క ఆదివారం నవ్వు కొంచెం తక్కువగా వచ్చింది. అందరి నవ్వూ అయిపోయాక తెర మీద మూడో వరుస నవ్వింది. తెర మీది నాగరాణి ఒక్కతే నవ్వలేదు, ఇటు చూడలేదు కూడా. ఆమె బరినే చూస్తోంది.

గోడకు వీపు ఆనించి కూర్చున్న గోపయ్య లేచి బయటికి నడిచాడు.

గోపయ్య నాగరాణికి తాత, నాయినకు నాయిన. ఆ ఊరి ఉస్తాద్. డెబ్బయి ఏండ్లు. సినిమా పుట్టింది ఆయన వల్లనే. నాగరాణికి పదిహేడేళ్లప్పుడు జిల్లా ఆటలో, చివరి నిమిషంలో, రెండు దిక్కులా లెక్క సమంగా ఉన్నప్పుడు, కదలకుండా నిలబడమని గోపయ్య చెయ్యి చూపించాడు. నాగరాణి చూసింది. చూసి కూడా కూతకు పోయింది. ఇద్దరిని ముట్టి వచ్చింది. పిట్టలబండ గెలిచింది. ఊరంతా ఆమెను భుజాల మీద మోసుకొస్తే గోపయ్య ఊరి బరి దగ్గర ఆపి, దించమని చెప్పి, ఆమె నెత్తి మీద చిటికెడు మట్టి వేసి, గీత బయట కూర్చోబెట్టాడు.

అది ఆ ఊరి పాత పద్ధతి. ఉస్తాద్ కూర్చోబెట్టినవాళ్లు మళ్లీ బరిలో కాలుపెట్టరాదు. లేపాలంటే మాటతో కాదు. ఉస్తాదే బరిలో దిగి ఎదురు నిలబడాలి. కూర్చున్నవాళ్లు కూతకు వచ్చి ఆయనను ముట్టి, నడిగీతకు చేరుకోవాలి. ఊరికే చెయ్యి అందిస్తే లెక్కకు రాదు. ఉస్తాద్ పట్టాలి, ఆపాలి. ఆయన ఓడితే వాళ్లు లేచినట్టు, వాళ్ల జాగాలో ఉస్తాద్ కూర్చున్నట్టు. అందుకే ఏ ఉస్తాదైనా పదిసార్లు ఆలోచించి కూర్చోబెడతాడు, నెల తిరగకముందే లేపుతాడు. గోపయ్య మనుమరాలి చేతిలో ఊరి ముందర ఓడడం ఇష్టం లేక నెల దాటించాడు. ఏడాది దాటింది. ఎనిమిదేండ్లు దాటాయి. నాగరాణి కూడా అడగలేదు. మొండితనంలో ఆమెకు ఆ రక్తమే.

ఈ సంగతి చాయ్ హోటల్లో విని డైరెక్టర్ సినిమా చేశాడు. పిల్లను పిల్లగాడిని చేశాడు, ఉస్తాద్‌ను గోళెంలో వేశాడు. పట్నం నుంచి వచ్చిన హీరోకు పది లెక్కపెట్టేంత దమ్ము లేదు. చివరి కూత దూరం నుంచి తీసేటప్పుడు నాగరాణికి హీరో అంగీ తొడిగి, జుట్టు రుమాలుతో కట్టి ఉరికించారు. ఆ కాళ్లు ఆమెవి, ఆ కూత ఆమెది. గోపయ్య ఆ రోజంతా వాగు దిక్కు తిరిగి నిలబడ్డాడు. అది ఆట కాదు, సినిమా, కాబట్టి అది లేచినట్టు కాదని తేల్చి చెప్పాడు. ఊళ్లో సినిమాలో లేనివాడు ఆయన ఒక్కడే. అయినా ప్రతి ఆదివారం వచ్చి, గోడకు వీపు ఆనించి, నవ్వకుండా చూసి పోతాడు.

మంగళవారం నాడు పంచాయతీ దగ్గర సర్కారు బతుకమ్మ చీరలు పంచారు. ముందు రోజే గోపయ్య భార్య గుర్వమ్మ రఘుపతి ఇంటికి పోయి కూర్చుంది, నాగరాణి కంటికి చిలకపచ్చది కానరానీయొద్దని చెప్పి, ఆయన సరేననేదాకా లేవలేదు. రఘుపతి మూటలన్నీ విప్పి ఆ రంగువి ఏరి బల్ల కింద పెట్టి గోనెసంచి కప్పాడు. నాగరాణి అందరికంటే వెనుక వచ్చింది. ఆయన నీలంది ఇచ్చాడు. ఆమె పట్టుకోలేదు. వంగి బల్ల కిందికి చూసింది.

“గా సంచి కింద ఏముంది, కాక?”

“ఏం లేవు బిడ్డ. చినిగినయి.”

“చినిగిందే ఇయ్యి. మంచిది కడితే నాకు నిలువదు” అని ఆమే వంగి, గోనె ఎత్తి, పైనున్నది తీసుకుంది. చిలకపచ్చ, పసుపు అంచు. చెయ్యి పెట్టి చూస్తే ఎక్కడా చినగలేదు. పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు కడతానని, వాకిట్లో ఉన్న ఆడవాళ్లందరికీ వినబడేటట్టు చెప్పి పోయింది.

ఆ మరునాటి నుంచి ఊరు ఆమెతో మెత్తగా మాట్లాడడం మొదలుపెట్టింది. ఎవరో సజ్జరొట్టెలు పంపారు. ఎవరో తమ చేను కోసిన మళ్లలో గొర్లను ఆపుకొమ్మన్నారు. నీళ్ల దగ్గర ఆమెకు బిందె ముందు వదిలారు. నాగరాణికి ఇవన్నీ తెలుసు. సాలమ్మకు ఆమె కూడా అట్లాగే బిందె వదిలింది. గిరి మాత్రం పని మాని, గొర్ల దొడ్డి కంచెను ఊడదీసి మళ్లీ కట్టాడు, మళ్లీ ఊడదీశాడు.

గోపయ్య ఎనిమిది రోజులు ఇంట్లో ఎవరితో మాట్లాడలేదు. తొమ్మిదో నాడు పొద్దున దొడ్డి దగ్గరికి వచ్చాడు. నాగరాణి తల్లి లేని గొర్రెపిల్లకు సీసాతో పాలు పడుతోంది. ఆయన గొర్ల సంగతి అడిగి, గిట్టల రోగం సంగతి అడిగి, అప్పుడు అన్నాడు.

“గా చీర కట్టకు బిడ్డ.”

గోపయ్య ఎవరినీ దేన్నీ బతిమాలినట్టు ఊళ్లో ఎవరూ వినలేదు. నాగరాణి గొర్రెపిల్ల నోట్లోంచి సీసా తియ్యలేదు.

“కూసోమంటివి. కూసున్న. ఇప్పుడు కట్టకు అంటున్నవు” అంది. “ఎనిమిదేండ్లయింది తాత. లెవ్వమని ఒక్కనాడు అన్నవా?”

గోపయ్య గిరి కట్టిన కంచెను పట్టుకున్నాడు.

“గా మూడో వరుసల ఎందుకు కూసున్ననో నీకు సమజ్ గాలేదా? గట్టు మీద గా వరుస ఒక్కటే నా జాగ. బరిల లేదు, బయట లేదు. నువ్వు ఏసిన మట్టి ఇంక నెత్తి మీదనే ఉంది.”

ఆయన వెనక్కి తిరిగి నడిచాడు. ఇంటికి పోలేదు. సున్నం అమ్మే దుకాణానికి పోయాడు.

సద్దుల బతుకమ్మ నాడు తెల్లవారి, ఆడవాళ్లు గునుగుపూలు, తంగేడుపూలు గంపల్లో పోసుకొని వస్తూ చూస్తే, గోపయ్య బరిలో ఉన్నాడు. గోళెంలో సున్నం కలిపి, వంగి, ఒక్కడే గీతలు గీస్తున్నాడు. ఎనిమిదేండ్ల కింద ఒక్క గంటలో గీసే గీతలు. ఇప్పుడు పొద్దు మూరెడు ఎక్కింది. నడిగీత గీయడం అయ్యాక నడుం పట్టుకొని నిలబడి, అటుగా పోతున్న వాళ్లతో, నాగరాణిని రమ్మన్నానని చెప్పమన్నాడు.

చాటింపు ఎవరూ వెయ్యలేదు. అయినా ఊరంతా వచ్చింది. మొదటి వరుస నిండింది, రెండో వరుస నిండింది. మూడో వరుసలో ఎవరూ కూర్చోలేదు. జాగా దొరకనట్టు అటు ఇటు చూసి, వెనక నిలబడ్డారు. ఆ వరుస పొడుగునా గడ్డి, మనుషులు కూర్చున్నచోట అణిగినట్టు అణిగి ఉంది.

నాగరాణి చిలకపచ్చ చీర కట్టుకొని వచ్చింది. గుర్వమ్మ చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాగరాణి గీత బయట నిలబడి, చీరను కచ్చె పోసి బిగించి, కొంగును నడుముకు చుట్టింది. గోపయ్య పంచె మోకాళ్ల పైకి ఎగగట్టి, అవతలి సగంలో నడుమ నిలబడ్డాడు. వంగి మట్టి ముట్టి కండ్లకద్దుకున్నాడు. నాగరాణి అద్దుకోలేదు. ఆమె ఎన్నడూ అద్దుకోలేదు. ఆయన ఒక్క క్షణం చూసి, మళ్లీ వంగి, ఆమె వంతు కూడా తానే అద్దుకున్నాడు.

ఆమె దమ్ము పీల్చుకొని కూత ఎత్తుకుంది.

ఆ కూతను ఊరు ప్రతి ఆదివారం వింటుంది. దుప్పటి మీద, గోడ మీద, హీరో అంగీ లోపలినుంచి. ఇట్లా గాలిలో విని ఎనిమిదేండ్లయింది. అది సన్నగా, ఒక్కతీరుగా, ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా, వాగు అవతలి గుట్టకు పోయి తగిలి వచ్చింది. గోపయ్య మనుమరాలని చూడలేదు. ఆమె కుడికి కదిలితే కుడికి, ఎడమకు కదిలితే ఎడమకు కదిలాడు. రెండుసార్లు ఆమె చెయ్యి ఆయన భుజానికి జానెడు దూరంలో ఆగిపోయింది. మూడోసారి ఆమె కాలు చాపింది. ఆయన పడిపోతున్నట్టు కిందికి ఒరిగి, రెండు చేతులతో ఆమె చీలమండ పట్టుకున్నాడు. ముసలి చేతులు కావవి. ఆ చేతుల పట్టు నుంచి జిల్లాలో ఎవరూ కాలు గుంజుకోలేదని పాతవాళ్లు చెప్పుకుంటారు.

నాగరాణి బోర్లా పడింది. కూత ఆగలేదు. మట్టిలోకి ముఖం ఉన్నా కూత వస్తూనే ఉంది. మోచేతుల మీద పాకింది. వెనక తాతను ఈడ్చుకుంటూ, ఒక జానెడు, ఇంకో జానెడు. గోపయ్య వదలలేదు. వదిలితే లెక్కకు రాదు. ఆయన మోకాలు రాయికి కోసుకొని పంచె ఎర్రబడింది. కూత సన్నబడి సన్నబడి దారమంత అయ్యింది. ఆ దారం తెగకముందు ఆమె వేళ్లు నడిగీత మీది తడి సున్నంలో పడ్డాయి.

నాగరాణి ముఖం నిండా మట్టి, చేతుల నిండా సున్నం. గోపయ్య ఇంకా కాలు పట్టుకునే ఉన్నాడు. అప్పుడు ఎవరో పిల్ల నవ్వింది, ఆ తర్వాత అందరూ నవ్వారు, పడిన ఇద్దరూ కూడా నవ్వారు. నవ్వి ఊరుకున్నారు. ఊరుకున్న కొంతసేపటికి, మనిషి లేని మూడో వరుస నుంచి నవ్వు వినబడింది.

గోపయ్య లేచి, నాగరాణి జుట్టులో మట్టిని చేత్తో దులిపాడు. “రేపటికెల్లి పిల్లలకు ఆట నువ్వే నేర్పు” అన్నాడు. తర్వాత కుంటుకుంటూ గట్టెక్కి మూడో వరుసలోకి పోయాడు. అటొకరు ఇటొకరు ఉంటే ఇరికి కూర్చున్నట్టు, భుజాలు దగ్గరికి పెట్టుకొని కూర్చున్నాడు. ఆ సాయంత్రం నాగరాణి అదే చిలకపచ్చ చీరతో బతుకమ్మ ఆడింది. సున్నం మరకలు ఉతికినా పోలేదు. మరునాడు పొద్దున ఊరివాళ్లు లేచి ముందు ఆమె వాకిలి దిక్కు చూశారు. గొర్లు బయటికి వస్తున్నాయి, వెనక ఆమె వస్తోంది.

ఆదివారం పగటి బువ్వ తిన్నాక అందరూ సినిమాకు పోయారు. నాగరాణి ఈసారి తలుపు దగ్గర నిలబడకుండా లోపల తాత పక్కన కూర్చుంది. పెండ్లి పందిరి వచ్చింది, బూరెల గంప వచ్చింది. చివరి ఆట వచ్చింది.

మూడో వరుసలో చిలకపచ్చ చీర లేదు. ఆ జాగాలో గోపయ్య కూర్చొని ఉన్నాడు. ఒంటి మీద గోధుమరంగు స్వెటర్, నెత్తికి మంకీ టోపీ. సినిమాలో లేని ఒక్క మనిషి కూడా సినిమాలోకి వచ్చేశాడు.

గదిలో అందరూ స్వెటర్‌ను చూశారు. గుర్వమ్మ అందరికంటే ఎక్కువసేపు చూసింది. ఆయనకు స్వెటర్ లేదు, ఎన్నడూ లేదు. చలికాలం దాకా ఫికర్ లేదని పక్కామెతో మెల్లగా అంది. ఆ తర్వాత ఇంకా మెల్లగా, స్వెటర్ కొననిచ్చేది ఎవరో తానూ చూస్తానంది.

తెర మీద ఉస్తాద్ సున్నం గోళెంలో వెల్లకిలా పడ్డాడు. గది నవ్వింది. తెర మీద జనం నవ్వారు. ఆ నవ్వు అయిపోయాక మూడో వరుస నవ్వింది. అందులో మంకీ టోపీ ముసలాయన అందరికంటే ఎక్కువ నవ్వాడు, కండ్లు తుడుచుకొని మళ్లీ నవ్వాడు. ఆ ముఖం మీద అట్లాంటి నవ్వును గుర్వమ్మ యాభై ఏండ్లలో చూడలేదు.

గోడకు వీపు ఆనించి గోపయ్య తనను తాను చూసుకున్నాడు. ఆయన నవ్వలేదు. తల అటు పెట్టి ఇటు పెట్టి చూసి, నాగరాణి దిక్కు వంగాడు.

“గా సాలమ్మను జర పక్కకు జరుగుమను బిడ్డ. ఆడ కూసుంటే నాకు ఆట కానస్తలేదు.”

నాగరాణి తెర దిక్కు చూసి, “సాలవ్వా, మా తాతకు ఆట కానస్తలేదట” అని చెప్పింది.

తెర మీద సాలమ్మ మామిడిపండు రంగు కొంగు సర్దుకొని, ఒక జానెడు పక్కకు జరిగింది.